మంగళవారం మధ్యాహ్నం ఏ లూర్ వేయాలి?

దేవుడు మనిషికిచ్చిన వరాలన్నిటిలోకీ గొప్పది రబ్బరు వానపాము!

నవ్వకండి. నేను సీరియస్‌గానే చెబుతున్నాను. నిప్పు, చక్రం, ఇంటర్నెట్ అన్నీ దాని తర్వాతే. నిప్పు లేకపోతే పచ్చివి తింటాం. చక్రం లేకపోతే నడుస్తాం. ఇంటర్నెట్ లేకపోతే పక్కింటివాళ్ళతో మాట్లాడతాం, కాస్త కష్టమే అనుకోండి. కానీ ఆకులు రాలే ఫాల్ సీజన్‌లో చెరువు గట్టున నిలబడ్డ మగవాడికి, ఏ లూర్ వేయాలన్న సందేహమే లేకుండా పోతే వాడి గతేమిటి? పక్కవాడితో ఏం మాట్లాడతాడు? గుండెలో ఉన్న మాటా? రామ రామ!

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. లూర్ అంటే దొంగ ఎర. మన కాలవల్లో గాలానికి నిజం వానపామునో, పిండి ముద్దనో గుచ్చి నీళ్ళలోకి వదిలేవాళ్ళం. చేప చచ్చినా కడుపు నిండి చచ్చేది. ఇక్కడ అలా కాదు. రబ్బరు పురుగు, ప్లాస్టిక్ కప్ప, కొయ్యతో చేసిన చేపపిల్ల, గిరగిరా తిరిగే రేకున్న స్పిన్నర్. ఆ రంగులు చూస్తే పట్టుచీరల కొట్లు షట్టర్లు దించుకోవాలి. గుమ్మడిపండు రంగు మీద ఆకుపచ్చ మెరుపులు, నెమలి కంఠం మీద వెండి చుక్కలు... మా ఆవిడ ధనమ్మ ఒకసారి నా డబ్బా తెరిచి చూసి, "ఇందులో జాకెట్టు ముక్క దొరుకుతుందా?" అని అడిగింది.

వీటన్నిటితో పట్టేది బాస్ అనే చేపని. పట్టి ఏం చేస్తారు? ఫొటో దిగి, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. అవునండీ, వదిలేస్తారు! పులుసు లేదు, వేపుడు లేదు. మొదటిసారి అది కళ్ళారా చూసిన రోజు నాకు అన్నం సయించలేదు.

నేనుండేది టెక్సస్‌లో, ఫ్రిస్కోలో. మా అక్క గ్రీన్ కార్డు పిటిషన్ పెడితే వచ్చాను. చదువంటారా? నేను ఆరో క్లాసు దాకా వెళ్ళాను, ఆ తర్వాత ఆరో క్లాసే నన్ను వదిలేసి ముందుకెళ్ళిపోయింది. ఒక కేటరింగ్ కిచెన్‌లో వంట చేస్తాను. ఇక్కడ పెళ్ళైనా, బారసాలైనా, ఏదైనా వీకెండ్‌లోనే. వీక్‌డేస్‌లో నేను ఖాళీ. మా కాలనీ వెనక ఒక చెరువుంది. వాన నీళ్ళు నిలవడానికి బిల్డర్ తవ్వించిన చెరువు. చుట్టూ కాంక్రీటు బాట, మధ్యలో ఫౌంటెన్, బాతులు, 'బాతులకు తిండి పెట్టరాదు' అని ఒక బోర్డు, ఆ బోర్డుకి ఆనుకునే నిలబడి బాతులకు బ్రెడ్డు వేసే ఆంటీలు.

నాది గోదావరి జిల్లా. చేపల సంగతి నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మా ఊరి కాలవలో నేను ఒక కొరమేనుని పట్టాను. దాన్ని ఒడ్డుకి లాగేసరికి కాలవలో నీళ్ళు మోకాలి లోతుకి దిగిపోయాయి. కింద ఆయకట్టు రైతులు వచ్చి, "మా వాటా నీళ్ళు ఎక్కడ?" అని పంచాయితీ పెట్టారు. చివరికి ఆ చేపని ముక్కలు చేసి ఎకరానికి ఇంత అని పంచాల్సి వచ్చింది. నమ్మకపోతే మానండి. తిన్నవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు.

ఇక శాస్త్రానికొద్దాం. ఫాల్ వచ్చి నీళ్ళు చల్లబడితే, ఎండాకాలమంతా లోతులో పడుకున్న బాస్ చేప ఒడ్డు దగ్గరకొస్తుంది. చలికాలానికి ముందు నాలుగు మెతుకులు ఎక్కువ తిని ఒళ్ళు చేసుకోవాలని చిన్న చేపల వెంట పడుతుంది. కాబట్టి చిన్న చేపలా కనిపించే లూర్ ఏదైనా ఒకటి వేసి, కాసేపు ఓపిక పట్టాలి. అంతే. శాస్త్రం అయిపోయింది.

చూశారా ఎంత ప్రమాదమో? శాస్త్రం ఇంత చిన్నదైతే సెప్టెంబర్ నుంచి నవంబర్లో థాంక్స్‌గివింగ్ పండగ దాకా మగజాతికి కాలక్షేపం ఎలా? అందుకే పెద్దలు సందేహాల్ని కనిపెట్టారు. నీళ్ళు తేటగా ఉంటే వెండి రంగా, నీలమా? బురదగా ఉంటే నిమ్మపండు రంగా, నలుపా? మబ్బేస్తే? మబ్బు సగమే వేస్తే? ఆకులు రాలి నీళ్ళ మీద తేలితే కప్పని ఆకు మీద వేయాలా, ఆకు పక్కన వేయాలా? ఓక్ ఆకైతే ఒక లెక్క, ఎల్మ్ ఆకైతే ఇంకో లెక్క!

ఈ సందేహాల వల్ల సంసారాలు ఎలా నిలబడ్డాయో తెలుసా? మా వీధిలో ఒకాయన గరాజ్ నిండా లూర్లు పెట్టాడు. కార్లు బయట ఎండలో, లూర్లు లోపల నీడలో. వాళ్ళావిడ విసిగిపోయి, "ఇంట్లో నేనైనా ఉండాలి, ఇవైనా ఉండాలి. తేల్చండి!" అంది. ఆయన సావధానంగా, "ఏ సీజన్‌లో?" అని అడిగాడు. ఇప్పటికీ కలిసే ఉన్నారు. ఆవిడ ఇంట్లో, ఆయన గరాజ్‌లో.

ఆరోగ్యం సంగతి చూడండి. మాకు తెలిసిన ఒక రిటైర్డ్ గుండె డాక్టర్ గారున్నారు. జీవితమంతా చెయ్యి వణక్కుండా గుండెలు కోసినాయన. అలాంటాయన మొన్న రెండు పసుపు కప్పల మధ్య తేల్చుకోలేక, సెకండ్ ఒపీనియన్ కోసం హ్యూస్టన్‌కి ఫోన్ చేశారు. వాళ్ళు కప్పలకి ఎక్స్‌రే తీసి పంపమన్నారట!

ఇక మన సాఫ్ట్‌వేర్ సోదరుల పద్ధతే పద్ధతి. చెరువు గట్టు మీద కూడా రోజూ పొద్దున స్టాండప్ మీటింగ్ పెట్టుకుంటారు. గుండ్రంగా నిలబడి ఒక్కొక్కరూ చెప్పాలి. నిన్న ఏ లూర్ వేశాను, ఇవాళ ఏ లూర్ వేస్తాను, నాకు అడ్డమేమిటి. అడ్డమేమిటంటే చేప అని ఇంతవరకూ ఒక్కడూ ఒప్పుకోలేదు. వాటర్ టెంపరేచర్ అంటారు. ఆ మీటింగ్ అయ్యేసరికి చేపలు టిఫిన్ చేసి వెళ్ళిపోతాయి.

ఈ ఫాల్‌లో అయితే ఈ కళ మరీ పుంజుకుంది. ఇదివరకు మంగళవారం మధ్యాహ్నం ఆ గట్టు మీద నేనూ, ఒక కొంగా ఉండేవాళ్ళం. ఇప్పుడు కొంగకి నిలబడే చోటు దొరకట్లేదు. అది పక్క కాలనీకి మూవ్ అయిపోయింది. అక్కడ కూడా పిల్లలకి స్కూల్ డిస్ట్రిక్ట్ మంచిదేనట.

వచ్చేవాళ్ళంతా మనవాళ్ళే! వీక్‌డేలో, పట్టపగలు! ఒకాయన కంపెనీవాళ్ళు మనశ్శాంతి కోసం లీవ్ ఇచ్చారన్నాడు. ఇంకొకాయన నైట్ షిఫ్ట్ అన్నాడు, రాత్రుళ్ళు ఆయనింట్లో టీవీ మాత్రమే షిఫ్ట్ చేస్తుంటుంది. టెస్టింగ్ పని చేసే శ్రీరామ్, బిడ్డ పుడితే తండ్రికిచ్చే పెటర్నిటీ లీవ్‌లో ఉన్నానన్నాడు. చాలా సంతోషించాను. వాళ్ళబ్బాయి మొన్న మా వీధిలో కారు డ్రైవింగ్ నేర్చుకుంటూ కనిపించాడు, మీసాలు చక్కగా వస్తున్నాయి.

అమెరికా కంపెనీలు ఉద్యోగుల్ని ఇంత బాగా చూసుకుంటాయని మనకెవరూ చెప్పలేదే!

అందరికన్నా ముందు వచ్చినవాడు మనోహర్. మా వీధి చివరిల్లు, ఒంగోలు వైపు మనిషి. డేటాబేస్ పని. భార్య లక్ష్మీప్రియ, నాలుగో క్లాసు చదివే కూతురు ఇషా. దసరా వెళ్ళిన దగ్గర్నుంచీ రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా, నల్ల బూట్లు, మెడలో ఆఫీసు కార్డు తగిలించే తాడు, చేతిలో లంచ్ బాక్స్‌తో చెరువుకొచ్చేవాడు. లంచ్ బ్రేక్‌లో వచ్చాడు కాబోలనుకున్నాను. ఆ లంచ్ బ్రేక్ పొద్దున టిఫిన్ వేళకి మొదలై, సాయంత్రం స్కూల్ బస్సు వచ్చేదాకా సాగేది.

ఒకరోజు ఒక చిన్న చేప పడితే వదలడానికి వంగాడు. చొక్కా జేబులో దోపుకున్న మెడతాడు జారి బయటికొచ్చింది. తాడు చివర కార్డు లేదు. ఉత్త క్లిప్పు.

అతను గబుక్కున తాడు లోపలికి దోపుకున్నాడు. నేను గబుక్కున బాతుల వైపు చూశాను.

"బాబాయ్, ఈ గాలికి తెల్ల స్పిన్నర్ వెయ్యమంటారా, వెండి రంగుదా?" అన్నాడు.

'ఉద్యోగం ఏమైంది బాబూ?' అని నా నోటిదాకా వచ్చింది. కానీ అడిగితే బావుంటుందా? పెద్దమనుషులం కదా! "మబ్బుగా ఉంది బాబూ, వెండిదే వెయ్యి" అన్నాను. అతని మొహంలో రక్తం తిరిగొచ్చింది.

చూశారా? ఆ క్షణంలో మమ్మల్నిద్దర్నీ కాపాడింది ఎవరు? దేవుడా? కాదు. వెండి రంగు స్పిన్నర్!

ఇక్కడొక చిన్న విషయం. వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే పోయేది జీతం ఒక్కటే కాదు. కొద్ది వారాలు గడువిస్తారు. ఆ లోపల ఇంకో ఉద్యోగం దొరక్కపోతే ఇల్లూ, కారూ, పిల్లదాని స్కూలూ అన్నీ ఎక్కడివక్కడ వదిలేసి విమానం ఎక్కాలి. మనోహర్‌ది ఆ గడువే. అందులో చాలా భాగం అప్పటికే చెరువులో కలిసిపోయింది.

పోనీ చెప్పుకోవచ్చు కదా అంటారా? ఎంత మాట! ఉద్యోగం పోయిందని చెప్పుకుంటే ఏమవుతుందో తెలుసా? బర్త్‌డే పార్టీలో జాలిపడి బిర్యానీలో రెండు ముక్కలు ఎక్కువ వేస్తారు. వడ్డించేవాణ్ణి నేనే కాబట్టి నాకు తెలుసు. ఒంగోలులో వదినగారికి తెలుస్తుంది. ఆవిడకి తెలిస్తే నెల్లూరుకి తెలుస్తుంది. నిజం చెబితే పోయేది పరువు. చెప్పకపోతే పోయేది ఉత్త వీసా. ఏది పెద్దది? మీరే చెప్పండి!

ఇప్పుడు జగన్మోహన్ గురించి చెప్పాలి. కరీంనగర్ మనిషి. మా గట్టు మీద లూర్ల పండితుడు. ఆయన ఉద్యోగం మాత్రం నికార్సైన ఉద్యోగం, ఇంటి నుంచి చేసుకోవచ్చు. ఆయన ఇల్లు అంటే చెరువు గట్టు అని అర్థం చేసుకున్నాడు. పికప్ ట్రక్కు వెనక తలుపు దించి, దాని మీద లాప్‌టాప్ పెట్టి, చెవుల్లో మీటింగు, చేతుల్లో గాలం. ఒకసారి మ్యూట్ పెట్టడం మర్చిపోయి, చేప తగలగానే "డోంట్ లెట్ ఇట్ గో! పుల్! పుల్!" అని అరిచాడు. అటువైపు జారిపోతున్న క్లయింట్‌ని ఉంచాలా వద్దా అని చర్చ నడుస్తోందట. ఆయన ఊపు చూసి అందరూ చప్పట్లు కొట్టారట. క్లయింట్ నిలబడ్డాడు, జగన్మోహన్‌కి అవార్డొచ్చింది. చేప ఒక్కటే పోయింది.

ఆయన టీమ్‌లో ఒక పోస్టు ఖాళీ. ఏ పనికి? డేటాబేస్ పనికి! ఇంటర్వ్యూలన్నీ గట్టు మీద నుంచే చేసేవాడు. మనోహర్‌కి నాలుగడుగుల దూరంలో.

"ఏం మనుషులు కాకా!" అనేవాడు నాతో, ప్రతి ఇంటర్వ్యూ అయ్యాక. "రెజ్యూమెల జూస్తె సముద్రాలు ఈదిండ్రు. అడిగితె చెంబుల ఈదనీకె కూడ వస్తలేదు. డేటాబేస్ తెల్సినోడు ఒక్కడు దొర్కుతలేడు." తర్వాత మనోహర్ వైపు తిరిగేవాడు. "అరే మనోహర్, నీది గూడ గదే పని కద. మీ కాడ ఎవడన్న ఉంటె చెప్పరాదే."

మనోహర్ గాలం రీలు తిప్పుతూ తిప్పుతూ ఆగేవాడు. నీళ్ళ వైపు చూసేవాడు.

"చూస్తాలే అన్నా. మా టీమ్‌లో అందరూ బాగానే సెటిలయ్యారు. ఇంతకీ ఆ ఆకులు తేలే చోట కప్ప వెయ్యొచ్చా?"

"కప్పనా? గీ సలిల? దిమాక్ ఉన్నదా నీకు?" అని జగన్మోహన్ మొదలుపెడితే, కప్ప ఎందుకు కూడదో, ఏ రోజుల్లో కూడునో, వాళ్ళ మేనమామ కప్ప వేసి ఎలా చెడిపోయాడో అంతా చెప్పేవాడు. మనోహర్ బుద్ధిగా తలూపేవాడు.

ఇద్దరి మధ్యా నేను నిలబడి ఉండేవాణ్ణి. కుడిపక్క ఉద్యోగం. ఎడమపక్క ఆ ఉద్యోగం కావలసినవాడు. ఒక్కమాట, ఒక్కటంటే ఒక్కమాట అంటే చాలు. ఏమన్నానో తెలుసా?

"నాకైతే కప్పే మంచిదనిపిస్తుందండీ" అన్నాను.

మర్యాద అంటే అదీ!

అలా సాగుతుండగా ఒక మంగళవారం ఉత్తరపు గాలి కొట్టింది. టెక్సస్‌లో చలి చెప్పి రాదు, చుట్టంలా వస్తుంది. గాలి ఎంత గట్టిగా వీచిందంటే ఒక బాతు ముందుకి ఈదుతూ వెనక్కి వెళ్ళింది. గట్టు నిండా జనం. స్టాండప్ అయింది. చెరువు చుట్టూ గాలాలు వరసగా లేచి ఉన్నాయి. జగన్మోహన్ చెవుల్లోంచి మీటింగు తీసి జేబులో వేసుకున్నాడు.

"కాకా, అయిపోయింది" అన్నాడు, చెరువు అవతలి ఒడ్డుకి కూడా వినిపించేంత గట్టిగా. "రేపటితోని పోస్టు క్లోజ్. ఆస్టిన్ ఊరి పిల్లగాడు ఒకడున్నడు. అంత పని రాదు గాని, ఏంజేస్తం? సాయంత్రం మీటింగ్ల వాని పేరే చెప్పేస్త."

మనోహర్ చేతిలో రీలు ఆగిపోయింది.

"అన్నా..." అన్నాడు.

"ఏందిరా?"

"అదీ..."

"చెప్పురా."

మనోహర్ గొంతు సవరించుకున్నాడు. పెదవి తడుపుకున్నాడు.

"నిమ్మపండు రంగు వెయ్యమంటావా?" అన్నాడు.

జగన్మోహన్ చాలాసేపు అతని మొహంలోకి చూశాడు. "ఎయ్" అన్నాడు. అంతే. మొదటిసారి ఆయన ఒక లూర్ గురించి ఒక్క ముక్కలో తేల్చేశాడు.

సరిగ్గా అప్పుడే లక్ష్మీప్రియ వచ్చింది. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే గడ్డిలో పడి నడుచుకుంటూ వచ్చింది, చేతిలో లంచ్ బాక్స్. గట్టు మీద మగాళ్ళందరూ హెడ్‌మాస్టర్‌ని చూసినట్టు సర్దుకున్నారు. శ్రీరామ్ అయితే, "రండి వదినా, ఇవాళ వాటర్ టెంపరేచర్ చాలా బావుంది" అన్నాడు.

ఆవిడ అతన్ని చూడనే లేదు. మనోహర్ ముందుకొచ్చి నిలబడింది.

"బాక్స్ మర్చిపోయి వచ్చారు."

"అదే... ఇప్పుడే బ్రేక్‌లో... ఆఫీసు నుంచి ఇటొచ్చి..."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"మీ డెస్క్ మీద సామాన్లు అట్టపెట్టెలో పెట్టి ఇంటికి పంపారండీ. మీ కాఫీ కప్పు, ఇషా ఫొటో, ఒక స్వెట్టరు. నేనే సంతకం పెట్టి తీసుకున్నా."

మనోహర్ నోరు తెరిచాడు, మూశాడు. నీళ్ళలోంచి తీసిన చేప కూడా అంత చక్కగా చేయదు.

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు చెప్తారేమోనని చూశా."

"ఎక్కడ పెట్టావ్?"

"మీ లూర్ల డబ్బాల పక్కనే పెట్టా. రోజూ అక్కడికే కదా వెళ్తారు, కనిపిస్తే మీరే మాట ఎత్తుతారనుకున్నా. పెట్టెని పక్కకి జరిపి మరీ లూర్లు తీసుకుని వచ్చేశారు!" ఆవిడ బాక్స్ అతని చేతిలో పెట్టింది. "నేనూ అడగలేకపోయాలెండి. ఎలా అడగాలో తెలీలేదు. రోజూ బాక్స్ కట్టి ఇచ్చా. అంతకన్నా చేతకాలేదు."

నేను బాతుల్ని చూద్దామనుకున్నాను. బాతులు కూడా మమ్మల్నే చూస్తున్నాయి.

లక్ష్మీప్రియ కళ్ళు తుడుచుకుని జగన్మోహన్ వైపు తిరిగింది.

"అన్నయ్యగారూ, మీ టీమ్‌లో డేటాబేస్ పోస్టు ఇంకా ఉందా? మొన్న ఇషా డాన్స్ క్లాస్ దగ్గర మీ ఆవిడ పద్మిని చెప్పింది. ఈయనకి ఉద్యోగం పోయింది. మాకు టైం లేదు."

మూడు ముక్కలు! మేమంతా కలిసి ఫాల్ మొత్తం అనలేకపోయిన మూడు ముక్కలు! ఆవిడకి లూర్ల గురించి బొత్తిగా ఏమీ తెలియదని అక్కడే బయటపడిపోయింది.

జగన్మోహన్ గాలం కింద పెట్టేశాడు.

"ఎన్ని దినాల సంది నా పక్కకే నిలవడ్డవ్‌రా?" అన్నాడు మనోహర్‌తో. "నోట్ల ఏం పెట్టుకున్నవ్?"

"నువ్వు అడగలేదు కదన్నా."

"నేనెట్ల అడుగుతరా? నీ మెడతాడుకి కార్డు లేదని మొదటి దినమే జూసిన. అడిగితె నువ్వు చిన్నబోతవని ఊకున్న. పోస్టున్నది, పోస్టున్నది అని దినాం నీ చెవుల పక్క ఒర్రిన. ఇంకెట్ల చెప్పాలె? మీ కాడ ఎవడన్న ఉన్నడా అని ఎవ్వన్ని అడిగినరా నేను? బాతునా?"

"నేను... వేరే ఎవరి గురించో అనుకున్నానన్నా."

"గా ఆస్టిన్ పిల్లగాన్ని ఆపనీకె మూడు వారాల సంది మా మేనేజర్‌కి ఏం జెప్తున్ననో తెల్సా? ఇంకో క్యాండిడేట్ ఉన్నడు, జర సిగ్గెక్కువ, వస్తడు ఆగుమని!"

ఆయన వెళ్ళి లాప్‌టాప్ తెరిచాడు. "రెజ్యూమె పంపు. ఇప్పుడె. సాయంత్రం మీటింగ్ల నీ పేరు పెడ్త. గని ఇంటర్వ్యూ మాత్రం గట్టిగనే జేస్త. మొహమాటం లేదు."

మనోహర్ ఫోన్ తీశాడు. రెజ్యూమె ఎక్కడుందో వెతుకుతుంటే లక్ష్మీప్రియ ఆ ఫోన్ లాక్కుని తనే పంపింది.

అయ్యా, అమ్మా, చూశారు కదా? ఇంత కష్టపడి, ఇన్ని రంగుల్లో, ఇన్ని సైజుల్లో మనిషి తయారుచేసుకున్న అడ్డుగోడ ఒక్క నిమిషంలో కూలిపోయింది! ఇలా ఆడవాళ్ళు వచ్చి ఉన్నమాట ఉన్నట్టు అనేస్తూ పోతే లూర్ల కంపెనీలు ఏం కావాలి? స్టాండప్‌లు ఏం కావాలి? మన పరువు ఏ చెరువులో దూకాలి? ఈ ధోరణిని నేను తీవ్రంగా ఖండిద్దామనే అనుకున్నాను.

ఖండించేలోపే గట్టు పొడుగునా రీళ్ళు తిరిగిన చప్పుడు వినిపించింది.

ఒక్కటి కాదు, అన్నీ. అటు చివర్నుంచి ఇటు చివరిదాకా గరగరమంటూ దారాలు చుట్టేస్తున్నారు. మనశ్శాంతి లీవ్ ఆయన, నైట్ షిఫ్ట్ ఆయన, ఇంకా నేను పేరడగని వాళ్ళు ఇద్దరు ముగ్గురు, గాలాలు భుజాన వేసుకుని ట్రక్కు వైపు నడిచొస్తున్నారు. మెల్లిగా, ఒకరినొకరు చూసుకోకుండా.

"అన్నా, మీ కంపెనీలో నెట్‌వర్క్ సైడు ఏమన్నా..."

"సార్, కాంట్రాక్ట్ అయినా పర్లేదండీ..."

అలవాటు కొద్దీ వాళ్ళ దారాల చివర చూశాను. ఎవరు ఏ రంగు వేశారో చూద్దామని. తెల్లదా, వెండిదా, నిమ్మపండు రంగా?

ఏ దారానికీ ఏమీ లేదు. కొయ్య చేప లేదు, రబ్బరు పురుగు లేదు. చిన్న ముడి కూడా లేదు. ఉత్త దారాలు గాలికి ఊగుతూ వచ్చాయి. మా చెరువులో ఫాలంతా అంతమంది కలిసి నీళ్ళలో వేసింది అదన్నమాట.

శ్రీరామ్ మాత్రం ట్రక్కు దగ్గరకి వెళ్ళలేదు. నా పక్కకొచ్చి నిలబడి, ఖాళీ దారాన్ని వేలికి చుట్టుకుంటూ, "బాబాయ్, ఈ చలికి రేపు ఏ లూర్..." అని మొదలుపెట్టాడు.

"ఉద్యోగం ఎప్పుడు పోయింది బాబూ?" అన్నాను.

అతను నా వైపు చూడలేదు. నీళ్ళనే చూశాడు.

"ఆగస్టులో బాబాయ్" అన్నాడు. ఇక ఆపలేదు. పొద్దుగుంకేదాకా చెబుతూనే ఉన్నాడు.

అదే సమయానికి బాస్ చేపలు ఒడ్డు దగ్గరకొచ్చి ఎగిరెగిరి పడ్డాయి. అంతంత చేపల్ని ఆ చెరువులో నేనెప్పుడూ చూడలేదు. ఒకటైతే నా బూటు మీదే పడి, కాసేపు మా మాటలు విని, వీళ్ళు ఇప్పట్లో తేలరులే అనుకుందో ఏమో, తనే మళ్ళీ నీళ్ళలోకి నడుచుకుంటూ వెళ్ళిపోయింది.